పదకొండో నియమం

జూన్ 3, సోమవారం

ఒక ‘డి’ చిన్నదైనందుకు ఇవాళ ఆసుపత్రి మొత్తం అట్టుడికిపోయింది.

డైరెక్టర్‌గారి గదిలోంచి బయటికి వెళ్లిన ఉత్తరంలో ‘డైరెక్టర్’ అన్న ఇంగ్లీషు మాట చిన్న డి తో అచ్చయింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారట. చిన్నదే. సరిగ్గా అదే సమయానికి పై అంతస్తులో మూడు వార్డులకు నీళ్లు రావడం లేదు. ఆ సంగతి ఆయనతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నన్ను పిలిచారు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడి ఉత్తరాలన్నీ నా ఎర్ర పెన్సిలు కింద నలిగాకే గడప దాటుతాయి. ఆ ఒక్కటి మాత్రం నా దాకా రాలేదు. అదే చెప్పబోయాను.

“తప్పెవరిదన్నది కాదు గురువుగారూ. మనకో పద్ధతంటూ లేదు, అదీ గొడవ” అన్నాడు ఇస్త్రీ.

డిప్యూటీ డైరెక్టర్‌గారికి కింది అంతస్తులో మేం పెట్టుకున్న పేరది. మనిషి మీద ఒక్క మడత కనిపించదు. మాట నిండా మడతలే. నాకంటే పదిహేనేళ్లు చిన్న. ‘గురువుగారూ’ అని పిలిచినప్పుడల్లా నెత్తి మీద మొట్టికాయ వేసినట్టు ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పెన్ను మూతతో చెవి తిప్పుకుంటాడు. తరవాత అదే పెన్ను చాపి “రాసుకోండి” అంటాడు.

రాసుకున్నాను. ఏ మాట పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, ఏది చిన్నదానితో మొదలవ్వాలి అన్నదానికి నియమావళి. నెలాఖరులోగా. ఉత్తరాలు, నోటీసులు, ఫారాలు, వార్డుల్లో కంప్యూటర్ తెరలు, చీటీలు, అన్నిటికీ ఒకటే చట్టం.

ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఆ పెన్ను ఇంకా వేళ్లమీదే ఉన్నట్టుంది.

జూన్ 5, బుధవారం

కమిటీ కూర్చుంది. కమిటీ అంటే ఇస్త్రీ, నేను. మూడో సభ్యుడు సెలవులో ఉన్నాడు.

డైరెక్టర్ పెద్ద. బోర్డు పెద్ద. ఆసుపత్రి మనదైతే పెద్ద, ఇంకొకరిదైతే చిన్న. డాక్టర్ల దగ్గర గంటసేపు ఆగాం. అందరినీ పెద్దవాళ్లను చేస్తే డైరెక్టర్‌గారికి మిగిలేదేముంది అని ఇస్త్రీ బాధ. చివరికి విభాగాధిపతులు పెద్ద, మిగతా డాక్టర్లు పేరుతో కలిసి వస్తేనే పెద్ద అని తేలింది.

“నర్సు?”

“అది సామాన్య నామం కదండీ.”

“రోగి?”

“రోగులు వేలమంది గురువుగారూ. వేలమందికి పెద్దరికం ఇస్తే పెద్దరికానికి విలువేముంటుంది?”

తల ఊపాను. వ్యాకరణం ప్రకారం అతను చెప్పింది తప్పు కాదు. అసలు రోత అక్కడే ఉంది. వ్యాకరణం ప్రకారం తప్పు కాని మాట చెబుతూ మనిషి ఎంత నీచంగా నవ్వగలడో ఇవాళ చూశాను.

మన తెలుగు అక్షరాలకు ఈ జబ్బు లేదు. ఉన్న తలకట్టు అందరికీ ఒకటే. క కి ఉన్నదే హ కీ ఉంది. ఈ మాట అతనితో అనలేదు. అంటే మాత్రం ఏమవుతుంది? మా ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే కదా.

జూన్ 7, శుక్రవారం

ఇవాళ ‘డైరెక్టర్’ని రెండు వందల పదహారు చోట్ల పెద్దవాణ్ని చేశాను. భోజనం సయించలేదు.

జూన్ 12, బుధవారం

ఇస్త్రీ పది నియమాలు చాలన్నాడు. పదకొండోది నేను చేర్చాను. మాట మధ్యలో గానీ, వాక్యం మధ్యలో నొక్కి చెప్పడానికి గానీ పెద్ద అక్షరాలు వాడరాదు.

మెట్ల మలుపులో ఒక నోటీసుంది, ఇక్కడ ఉమ్మకూడదని. అందులో ‘కూడదు’ అన్నది అంతా పెద్ద అక్షరాల్లో అరుస్తూ ఉంటుంది. దాని కిందే ఉమ్ముతారు. అరుపు వల్ల ఎవరైనా మారారా? అరిచే అక్షరాలంటే నాకు మొదటినుంచీ కంపరం. వార్డుల్లో మందుల పట్టీలు మరీ ఘోరం. కొన్ని పేర్లలో, సరిగ్గా మధ్యలో, నాలుగైదు అక్షరాలు ఉన్నట్టుండి ఒంటె మూపురంలా లేచి ఉంటాయి. టైపు చేసినవాడు మీట మీద వేలు మరిచిపోయి నిద్రపోయినట్టుంది.

పదకొండోది పూర్తిగా నా నియమం. మిగతా పదీ వాళ్ల అహంకారానికి కుట్టిన చొక్కాలు. ఇదొక్కటీ శుభ్రతకి. ఈ పుస్తకం మొత్తంలో సిగ్గుపడకుండా నాదని చెప్పుకోగలిగింది ఇదొక్కటే.

జూన్ 17, సోమవారం

మందుల గది పెద్దావిడ వచ్చింది. మెట్లు దిగి మా నేలమాళిగకు ఆవిడ రావడం ఈ ఇరవై రెండేళ్లలో రెండోసారి. పక్కనున్న బట్టలుతికే గదిలోంచి వచ్చే ఆవిరికి కళ్లజోడు మసకబారితే కొంగుతో తుడుచుకుంటూనే మొదలుపెట్టింది.

“అన్నగారూ, పదకొండో నియమం మందుల పేర్లకి వర్తించదు కదా?”

“అన్నిటికీ వర్తిస్తుందండీ.”

“అయితే కొంప మునుగుతుంది.”

రెండు చిన్న పెట్టెలు తీసి బల్లమీద పెట్టింది. ఒకటి దురదకి. ఇంకొకటి బీపీ తగ్గడానికి. రెండు పేర్లూ మొదలు ఒకటే, చివర ఒకటే. మధ్యలో మూడు నాలుగు అక్షరాలు తేడా.

“ఆ తేడా ఉన్న ముక్కనే పెద్ద అక్షరాల్లో వేస్తాం. అది తప్పు కాదు అన్నగారూ, కావాలని చేసిందే. పన్నెండు గంటలు నిలబడి పనిచేసే పిల్ల పేరు మొత్తం చదవదు. మొదలు చూస్తుంది, చివర చూస్తుంది, చెయ్యి పెడుతుంది. ఆ మధ్యలో అక్షరాలు లేచి నిలబడి ‘ఆగవే’ అని అరవాలి.”

“అరుపులు వద్దనే కదా నియమం” అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

ఉత్తరం ఇచ్చి వెళ్లింది. డైరెక్టర్‌గారికి. ఇలాంటి జంటలు ఇరవై ఆరు ఉన్నాయని, వాటిని నియమం నుంచి మినహాయించాలని, లేకపోతే ఎవరికో ఒకరికి ప్రాణం మీదికి వస్తుందని.

ఆ ఉత్తరంలో నర్సులకి పెద్ద ఎన్ వేసింది. డైరెక్టర్‌కి చిన్న డి వేసింది. అలాంటివి తొమ్మిది. ఇస్త్రీకి ఫోను చేశాను.

“ఒకళ్లకి మినహాయింపిస్తే పదిమంది వస్తారు గురువుగారూ. అయినా ఆ ఉత్తరం అలాగే పైకి పంపిస్తారా? చిన్న డి తోనే?”

పంపలేదు. తొమ్మిది చోట్లా ఎర్ర గుర్తులు పెట్టి, ఇవాళ్టి తేదీ వేసి, ఉత్తరం నా దగ్గరే ఉంచుకున్నాను. తప్పుల పట్టీ మాత్రం ఆవిడకు పంపించాను, సరిచేసి మళ్లీ ఇవ్వమని.

జూన్ 18, మంగళవారం

ఎవరు రాసినా తప్పు తప్పే.

జూన్ 20, గురువారం

అక్కకు నియమావళి నమూనా దొరికింది. నా సంచిలో కళ్లజోడు కోసం వెతికితే దొరికిందట. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి దిగింది. మోకాళ్లు పోయాయి గానీ నాలుక చెక్కుచెదరలేదు. బావ పోయాక నా దగ్గరే ఉంటోంది. నిజం చెప్పాలంటే నేనే ఆవిడ దగ్గర ఉంటున్నాను.

“ఒరేయ్, మేం చిన్న ఎన్ అట కదా?”

“వ్యాకరణమక్కా.”

“తెలుసులే. మా రోజుల్లోనూ అంతే. చిన్న ఎన్‌తోనే పిలిచేవాళ్లు, పెద్ద గొంతుతో.” తనలో తనే నవ్వుకుంది. తరవాతి పేజీ తిప్పబోతుంటే పుస్తకం లాక్కున్నాను. భోజనం చల్లారిపోతోందని.

మందుల గది ఆవిడ సరిచేసిన ఉత్తరం ఇంకా పంపలేదు. అంత ముఖ్యమైతే పంపేది కదా.

జూలై 1, సోమవారం

నియమావళి అమల్లోకి వచ్చింది. పొద్దున్నే కంప్యూటర్ గదివాళ్లు ఒక్క మీట నొక్కారట, మూపురాలన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. మందుల చీటీలు, వార్డు తెరలు, అరల మీద పట్టీలు, అన్నీ చదునుగా, శుభ్రంగా, బడిపిల్లల వరసలా ఉన్నాయి. రెండో అంతస్తు దాకా వెళ్లి చూసొచ్చాను.

అందంగానే ఉంది. కాదనడానికేముంది?

జూలై 5, శుక్రవారం

డైరెక్టర్‌గారి నుంచి నాకు మెచ్చుకోలు ఉత్తరం. అందులో నా హోదా చిన్న అక్షరంతో ఉంది. నియమం ప్రకారమే. పంపే ముందు నేనే దిద్దాను.

జూలై 9, మంగళవారం

పొద్దున తొమ్మిదిన్నరకి ఆడవాళ్ల వార్డులో ఒకావిడ పడిపోయింది. అరవై రెండేళ్ల కుట్టుపనావిడ. కడుపు నొప్పికని చేరింది, ఒళ్లంతా దురదలన్నది, డాక్టరు మాత్ర రాశాడు. మాత్ర వేసుకున్న కాసేపటికి బాత్రూముకని లేచి, కళ్లు తిరిగి గుమ్మంలోనే కూలిపోయింది. తుంటి ఎముక విరిగింది. కుడి మణికట్టు కూడా. నుదురు గుమ్మానికి కొట్టుకుంది. స్పృహ రావడానికి గంట పట్టింది.

వేసింది దురద మాత్ర కాదు.

ఇది భోజనాల గదిలో విన్నాను. చెప్పినవాడు నోట్లో ముద్ద పెట్టుకుంటూ చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లు “అయ్యో” అని, వెంటనే నీళ్లు ఎవరు పట్టుకొస్తారని అడిగారు. నేను కూడా గ్లాసు ముందుకు జరిపాను.

ఇలాంటివి ఇదివరకూ జరిగాయి. మూపురాలున్న రోజుల్లోనూ జరిగాయి. తప్పకుండా జరిగే ఉంటాయి.

జూలై 10, బుధవారం

ఆ మాత్ర ఇచ్చిన నర్సును సస్పెండ్ చేశారు. ఆ ఉత్తరం నా బల్ల మీదికి వచ్చింది, దిద్దడానికి.

ఆరు వాక్యాలు. నాలుగో వాక్యంలో ‘నిర్లక్ష్యం’. ఐదో వాక్యంలో మళ్లీ ‘నిర్లక్ష్యం’. నాకు కనిపించిన తప్పు ఒక్కటే. రెండో వాక్యంలో నర్సుకి పెద్ద ఎన్ పడింది.

చిన్నది చేశాను.

ఇది రాయడానికి పెన్ను ముందుకు పోవడం లేదు. అక్కడ పెన్సిలు ఎప్పటిలాగే నడిచింది.

జూలై 11, గురువారం

అది కమిటీ నిర్ణయం. రాసింది నేనే గానీ నిర్ణయం కమిటీది.

జూలై 12, శుక్రవారం

ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. యూనిఫాం లేకుండా చూస్తే ఎవరో అనుకున్నాను. ఉత్తరం అందుకున్నట్టు సంతకం చెయ్యడానికి పైవాళ్లు ఇక్కడికి పంపించారట. సంతకం చేసి వెళ్లిపోతుందనుకున్నాను. పోలేదు.

“సార్, ఉత్తరాలు చూసేది మీరే కదా?”

“అవునమ్మా.”

“ఇందులో నిర్లక్ష్యం అని రెండుసార్లు ఉంది సార్. ఒక్కటైనా తీసేయడం కుదురుతుందా? పొరపాటు అని రాసుకోండి, ఒప్పుకుంటాను. పొరపాటే చేశాను. తెరమీద చూశాను, అరలో చూశాను, చీటీమీద చూశాను. మూడుచోట్లా చూసే ఇచ్చాను సార్. నిర్లక్ష్యమంటే చూడకపోవడం కదా?”

ఏమన్నానో ఇక్కడ రాస్తాను. రాయకపోతే రేపటికి మార్చేసుకుంటాను.

“నేను అక్షరాలే చూస్తానమ్మా. మాటలు నా పని కాదు” అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు నా మొహం చూసింది. కోపం లేదు. పుండు మీద కట్టు విప్పి, లోపల ఎంతవరకు కుళ్లిందో చూసేవాళ్లు చూస్తారే, అలా చూసింది. “సరే సార్” అని వెళ్లిపోయింది.

మొహం కడుక్కున్నాను. అద్దంలోకి చూడలేదు.

జూలై 13, శనివారం

కమిటీ.

జూలై 15, సోమవారం

ఇస్త్రీ తన గదికి పిలిచాడు. తలుపు వేసి, గాలిలో ఏదో సువాసన చిమ్మాడు. వాడిన పూలు, ఫినాయిలూ కలిపి ఉడికించినట్టుంది ఆ వాసన.

గురువారం విచారణ. బయటినుంచి ముగ్గురు వస్తున్నారు. తాను ముందే ఉత్తరం రాశానని మందుల గది ఆవిడ చెబుతోందట.

“అలాంటిదేదీ రిజిస్టర్‌లో ఎక్కలేదు గురువుగారూ. నేను చూశాను.”

“దిద్దుబాటుకని ఆపాను కదా. పైకి పోనిదే రిజిస్టర్‌లో ఎక్కదు.”

“అదే నేనూ అంటున్నా. ఎక్కనిది లేనట్టే. తప్పుల పట్టీ ఆవిడ చించి పారేసిందట, కోపంతో. ఇంకా కాగితం ఎక్కడుంది? మిమ్మల్ని అడిగితే, ‘ఏ ఉత్తరమూ పైకి పోలేదు’ అనండి చాలు. అందులో అబద్ధం లేదు కదా?”

చెవిలోంచి పెన్ను మూత తీసి, దాని కొసను చూసుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అందులో అబద్ధం లేదు. నిజమే. ఈ మనిషి నోటినుంచి అబద్ధం ఎప్పుడూ రాదు. మురుగు తొట్టి మూత కూడా శుభ్రంగానే ఉంటుంది.

“అలాగే సార్” అన్నాను.

ఇస్త్రీ అంటే నాకు అసహ్యమని ఈ డైరీ మొదటి పేజీ నుంచీ రాస్తున్నాను. ఇవాళ చదువుకుంటే నవ్వొచ్చింది. అతనన్న ప్రతి మాటకీ “అలాగే” అన్నవాడు ఎవడు?

జూలై 16, మంగళవారం

అక్కకు చెప్పేశాను.

చెప్పాలని కూర్చోలేదు. సాయంత్రం ఆవిడ మోకాళ్లకు నూనె రాసుకుంటూ, “మీ ఆసుపత్రిలో ఎవరో పిల్లను తీసేశారట. మాత్ర మారిందట. ఎలా మారిందిరా?” అంది. పాత స్నేహితురాలెవరో ఫోను చేసి చెప్పింది. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను.

“రెండు పేర్లూ ఒకేలా ఉంటాయట” అన్నాను.

“ఉంటే? మధ్యలో పెద్ద అక్షరాలుంటాయి కదా. నేను చేరిన కొత్తలో అవి లేవు. అవి వచ్చాక మా వార్డులో ఎంత నిశ్చింతో.”

“తీసేశారు.”

“ఎవరా బుద్ధిలేనివాడు?”

పేపరు దించలేకపోయాను. దాని వెనకనుంచే చెప్పాను. మెట్ల మలుపులో నోటీసు గురించి, మూపురాల గురించి, పదకొండో నియమం గురించి, ఉత్తరం గురించి, తొమ్మిది గుర్తుల గురించి. కమిటీ అనబోయి ఆగాను. మొత్తం అయ్యాక పేపరు దించి చూస్తే అక్క నూనె రాసుకోవడం ఆపలేదు, కానీ ఒకే చోట రాసుకుంటోంది.

“ఆ కాగితం ఎక్కడుంది?”

“ఆఫీసులో నా సొరుగులో.”

“తాళం?”

“నా దగ్గరే.”

“మరి నా దగ్గర ఎందుకురా ఏడుస్తున్నావు?”

అప్పుడు తెలిసింది ఏడుస్తున్నానని. తువ్వాలు తెచ్చిస్తుందనుకున్నాను. తేలేదు. గిన్నె మూతపెట్టి, గోడ పట్టుకుని లేచి, లోపలికి వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అంది:

“నేనూ ఒకసారి మాత్ర మార్చాను. వెంటనే అరిచి చెప్పాను కాబట్టి ఆ మనిషి బతికాడు. అరవడమంటే నీకు చిన్నప్పటినుంచీ నామోషీ.”

జూలై 17, బుధవారం

ఇవాళ ఆఫీసులో సొరుగు తీశాను. ఉత్తరం ఉంది. మూశాను. మళ్లీ తీశాను.

జూలై 18, గురువారం

విచారణ పై అంతస్తు సమావేశం గదిలో జరిగింది. బల్లకు అటువైపు ముగ్గురు. మధ్యలో కూర్చున్నది తెల్లజుట్టు డాక్టరమ్మ. ఇటువైపు మందుల గది ఆవిడ, నర్సు, ఇస్త్రీ, నేను. డైరెక్టర్‌గారు రాలేదు. ఆయన కుర్చీకి ఉన్న పలకమీద అక్షరాలన్నీ పెద్దవే. అది నియమాలకు ముందే చేయించింది.

ఇస్త్రీ చక్కగా మాట్లాడాడు. నియమావళి అమలుకు రెండు వారాల ముందే అందరికీ పంపించామన్నాడు, అభ్యంతరం ఏదీ రిజిస్టర్‌లో లేదన్నాడు. మందుల గది ఆవిడ, “ఇచ్చాను. ఈయన చేతికే ఇచ్చాను” అని నా వైపు వేలు చూపింది.

“ఏ ఉత్తరమైనా పైకి వెళ్లిందా?” డాక్టరమ్మ నన్నడిగింది.

“పైకి వెళ్లలేదండీ.”

ఇస్త్రీ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం, ఆ తోలు కుర్చీ చేసిన ఆ చప్పుడు. బతికినంతకాలం మరిచిపోను.

“కిందే ఉండిపోయింది. నేనే ఆపాను” అని మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద జరిపాను.

ఆవిడ విప్పింది. చాలాసేపు చదివింది. కాగితం పక్కవాళ్లకు చూపించింది.

“ఈ ఎర్ర గుర్తులెవరివి?”

“నావండీ.”

“తేదీ?”

“అదీ నేను వేసిందే. జూన్ పదిహేడు.”

“ఈ ఉత్తరంలో, ఇలా చేస్తే ఎవరికో ఒకరికి ప్రాణం మీదికి వస్తుందని రాసుంది. దాని పక్కనే మీరో గుర్తు పెట్టారు. ఏమిటా తప్పు?”

“నర్సుకి పెద్ద అక్షరం పడిందండీ.”

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

“అసలు మీరీ ఉత్తరం చదివారా? లేక దిద్దడమేనా?”

అక్కడ తలుపు తెరిచి ఉంది. ‘దిద్దానండీ, చదవలేదు’ అంటే సరిపోయేది. జనం నమ్మేవాళ్లు. పెన్సిలు పట్టినవాడు అర్థం చూడడని అందరికీ తెలుసు. ఆ అమ్మాయికి నేను చెప్పిందీ అదే. నోటిదాకా వచ్చింది. ఆ మాట రుచి కూడా తెలిసింది, పాచినోటి రుచి.

“చదివాను. రెండు పెట్టెలూ బల్లమీద పెట్టి ఆవిడ చెప్పింది కూడా. అర్థమైంది. అయినా ఆపాను. ఆ నియమం కమిటీ చేసింది కాదండీ, నేను చేర్చిందే. నాకు చూడ్డానికి బాగుండదని చేర్చాను.”

“డిప్యూటీ గారికి తెలుసా?”

“అదేరోజు ఫోనులో చెప్పాను. చిన్న డి తో పైకి ఎలా పంపుతారన్నారు.”

“అబద్ధం” అన్నాడు ఇస్త్రీ. జీవితంలో మొదటిసారి అతని చొక్కామీద మడత చూశాను, చంక కింద, తడిగా.

నర్సు నా వైపు చూడలేదు. చూడాలని నేనెందుకు అనుకోవాలి?

జూలై 24, బుధవారం

తీర్పు వచ్చింది. నర్సును తిరిగి తీసుకున్నారు. కానీ ‘ఇకమీదట జాగ్రత్త’ అని ఒక వాక్యం తగిలించారు. పదకొండో నియమం రద్దయింది, మూపురాలు తిరిగొచ్చాయి. మిగతా పది నియమాలూ అలాగే ఉన్నాయి. ఇస్త్రీని ఇంకో విభాగానికి మార్చారు. అక్కడి గదికి రెండు కిటికీలున్నాయట. నన్ను నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నారు. అది సబబే.

మందుల గది ఆవిడ మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుంది. దారి ఇవ్వడానికి కాదు, నాకు తగలకూడదని.

అక్కకు చెబితే, “ఊఁ” అంది. తరవాత, “ఆ కుట్టుపనావిడను చూశావా?” అంది.

చూడలేదు. పదిహేను రోజులైంది. రెండు అంతస్తుల మెట్లే మధ్యలో.

జూలై 27, శనివారం

ఆవిడను ఇంటికి పంపించారని, క్షమాపణ ఉత్తరం ఇంకా అందలేదని తెలిసి, నేనే పట్టుకెళ్లాను. డైరెక్టర్‌గారు సంతకం చేసిన ఉత్తరమే. ఈసారి నా చేతిగుండా వెళ్లలేదు. దిద్దే పని నా నుంచి తీసేశారు.

సందు చివర మేడ కింద ఒకటే గది. తలుపు తీసింది ఆవిడ కోడలు. ఎవరని అడిగితే ఆసుపత్రినుంచి అన్నాను. ఆ మాటకి ఆ పిల్ల మొహం మూసుకుపోయింది, అయినా లోపలికి రమ్మంది. గోడవారగా కుట్టు మిషను, మీద దుప్పటి కప్పి ఉంది. సగం కుట్టిన గౌను సూది కిందే ఉండిపోయింది. గదిలో పుండు మందు వాసన. కుట్టుపనావిడ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. కుడి చెయ్యి వేళ్ల దాకా కట్టు.

ముందు నేనెవరో చెప్పాను. ఆ నియమం రాసింది నేనేనన్నాను. ఎలా జరిగిందో చెప్పాను. ఆవిడకు అక్షరాల గొడవ ఎంత తెలిసిందో నాకు తెలియలేదు. కోడలికి మాత్రం మొత్తం తెలిసింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని పళ్లు బిగించి నిలబడింది.

“బాగోలేదని తీసేశారా?” అంది పెద్దావిడ.

“అవునండీ.”

“చూడ్డానికి?”

“అవును.”

ఆవిడ తన కట్టు వైపు చూసుకుంది. తిట్టలేదు. తిడితే తేలికగా ఉండేది. మూతి మాత్రం విరిచింది, పాలు విరిగిన వాసన తగిలినవాళ్లలా.

“ఆ చేతిలో ఏంటది?”

“ఉత్తరమండీ, మీకు. క్షమించమని.”

“నాకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పండి.”

చదివాను. ఒక్కో వాక్యం చూసి తెలుగులో చెప్పాను. ఆసుపత్రి చింతిస్తోంది. డైరెక్టర్ చింతిస్తున్నారు. బోర్డు చింతిస్తోంది. రోగికి కలిగిన అసౌకర్యం. రోగి సహకారానికి కృతజ్ఞతలు. రోగి త్వరగా కోలుకోవాలని. చదువుతుంటే నా గొంతు నాకే రోత పుట్టింది. అయినా చివరిదాకా చదివాను.

“ఇందులో నా పేరుందా?”

వెతికాను. అటూ ఇటూ తిప్పాను. కవరు మీద వార్డు, మంచం అంకె ఉన్నాయి.

“లేదండీ.”

“అయితే ఇది నాకు రాసింది కాదు బాబూ. ఎవరిదో కనుక్కుని వాళ్లకివ్వండి.”

కోడలు తలుపు తీసి పట్టుకుంది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి బయటికొచ్చాను. ఎండ మండిపోతోంది. రెండు బస్సులు ఎదురుగా ఆగి వెళ్లిపోయాయి, ఎక్కలేదు. జేబులో ఆ కాగితం చెమటకి తడిసి ఒంటికి అంటుకుంది.